ఢిల్లీని నిలదీసే రాష్ట్రాలు ఊరికి ఏమిచ్చాయి?

2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు దాకా, దాదాపు 22 నెలలపాటు, తెలంగాణ పల్లెల్లో సర్పంచులు లేరు. పాత పాలకవర్గాల గడువు ముగిసింది, కొత్తవాటికి ఎన్నికలు జరగలేదు. 12,700కు పైగా గ్రామ పంచాయతీలను ప్రత్యేకాధికారుల చేతుల్లో పెట్టారు. వారు తమ శాఖ ఉద్యోగం చేసుకుంటూనే ఊళ్ల పాలనా చూశారు. వీధి దీపం మార్చాలన్నా, మురుగు కాలువలో పూడిక తీయాలన్నా జనం వెళ్లి అడగాల్సింది తాము ఎన్నుకోని మనిషిని.

ఇదే పరిస్థితి శాసనసభకు వస్తే దేశం అట్టుడికిపోతుంది. రాష్ట్రపతి పాలన పెడితే రెండు నెలల్లోగా పార్లమెంటు ఉభయసభలూ ఆమోదించాలి. ఆ తర్వాత ఆరు నెలలకోసారి మళ్లీ ఆమోదం కావాలి. ఏడాది దాటాలంటే అత్యవసర పరిస్థితి అమల్లో ఉండాలి, ఎన్నికలు జరపడం సాధ్యం కాదని ఎన్నికల సంఘం ధ్రువీకరించాలి. 1978లో 44వ రాజ్యాంగ సవరణ వేసిన కట్టడి ఇది. 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, సభను రద్దు చేసిన కారణం కోర్టులోనూ నిలబడాలి. పన్నెండు వేలకు పైగా ఊళ్లలో ఎన్నికైన పాలన లేకుండా పోవడానికి మాత్రం ఒక్క ప్రభుత్వ ఉత్తర్వు సరిపోయింది. పైగా ఇందులో కొత్తదనం కూడా ఏమీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో గడువు తీరిన పంచాయతీలకు 2021 ఫిబ్రవరిలో గానీ ఎన్నికలు జరగలేదు. ఆ రెండున్నరేళ్లలో రాష్ట్రంలో అధికారం ఒక పార్టీ నుంచి మరో పార్టీకి మారింది, పంచాయతీల పరిస్థితి మారలేదు.

కేంద్రం, రాష్ట్రం, స్థానిక సంస్థలు అనే మూడంచెల పాలనలో అధికారం నిజంగా ఎలా పంచుకున్నారో చూడాలంటే ఈ తేడా దగ్గరే మొదలుపెట్టాలి. ఢిల్లీ నుంచి హైదరాబాదుకు, అమరావతికి రావాల్సిన వాటి గురించి తెలుగునాట జరిగినంత చర్చ, అక్కడి నుంచి ఊరికి దిగాల్సిన వాటి గురించి జరగలేదు. మొదటి పంపకం మీద దశాబ్దాలుగా కమిషన్లు వేశారు, ఉద్యమాలు నడిచాయి, పార్టీలు పుట్టాయి. రెండో పంపకం ముఖ్యమంత్రుల ఇష్టానికి మిగిలిపోయింది.

రాజ్యాంగం ఏం చెబుతోందో ముందు చూద్దాం. 246వ అధికరణం, ఏడో షెడ్యూలు కలిసి చట్టాలు చేసే అధికారాన్ని మూడు జాబితాలుగా విడదీశాయి. 1950లో కేంద్ర జాబితాలో 97 అంశాలు, రాష్ట్ర జాబితాలో 66, ఉమ్మడి జాబితాలో 47 ఉండేవి. ఈ మూడు జాబితాల పద్ధతి బ్రిటిష్ పార్లమెంటు చేసిన 1935 చట్టం నుంచి వచ్చింది. రక్షణ, విదేశాంగం, రైల్వేలు, నోట్ల ముద్రణ కేంద్రానివి. పోలీసు, భూమి, వ్యవసాయం, ప్రజారోగ్యం, మద్యం రాష్ట్రాలవి. ఉమ్మడి జాబితాలో ఇద్దరి చట్టాలూ ఢీకొంటే కేంద్ర చట్టమే నిలుస్తుంది, రాష్ట్రపతి ప్రత్యేకంగా సమ్మతించిన రాష్ట్ర చట్టానికి మాత్రం మినహాయింపు ఉంది. ఏ జాబితాలోనూ లేని అంశం ఏదైనా పార్లమెంటుకే చెందుతుంది.

గీతలు గీశారు గానీ వాటిని జరిపే కలం కేంద్రం దగ్గరే ఉంది. ఎమర్జెన్సీ కాలంలో, 1976లో చేసిన 42వ సవరణ విద్య, అడవులు, వన్యప్రాణుల రక్షణ సహా ఐదు అంశాలను రాష్ట్ర జాబితా నుంచి తీసి ఉమ్మడి జాబితాలో పెట్టింది. వైద్య కళాశాలల ప్రవేశ పరీక్ష మీద తమిళనాడు ఇన్నేళ్లుగా చేస్తున్న పోరాటానికి మూలం అక్కడుంది. రాష్ట్రాల సరిహద్దులు సైతం పార్లమెంటు చేతిలోనివే. మూడో అధికరణం ప్రకారం శాసనసభ అభిప్రాయం అడగాలి, దానికి కట్టుబడి ఉండాల్సిన పని లేదు. 2014 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరిస్తూ తీర్మానం చేసింది. మరుసటి నెలలోనే పార్లమెంటు ఆ బిల్లును ఆమోదించింది. ఆ నిర్ణయాన్ని ఒక ప్రాంతం దశాబ్దాల న్యాయమైన కోరిక తీరడంగా చూసింది, మరో ప్రాంతం గాయంగా చూసింది. రాష్ట్రం ఉనికి మీద చివరి మాట ఎవరిదో మాత్రం రెండు ప్రాంతాలకూ ఒకేసారి తెలిసివచ్చింది.

రాష్ట్ర జాబితాలో ఐదో అంశం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆ అంశం పేరు స్థానిక ప్రభుత్వం. మునిసిపల్ కార్పొరేషన్లు, జిల్లా బోర్డులు, గ్రామ పాలన సంస్థలు అన్నీ అందులోకే వస్తాయి. అంటే కేంద్రం, రాష్ట్రం అధికారాలు పంచుకున్న రెండు పక్షాలైతే, పంచాయతీ వాటిలో ఒక పక్షానికి పంపకంలో దక్కిన ఆస్తి. పోలీసు, మద్యం ఎలాగో గ్రామ పంచాయతీ కూడా రాష్ట్రం చట్టం చేసుకోదగ్గ ఒక విషయం. మూడో అంచె బలహీనతకు వేరు ఇక్కడే ఉంది.

ఈ పంపకం నేల మీద ఎలా నడుస్తుందో కృష్ణా నీటిని అనుసరించి వెళ్తే తెలుస్తుంది. నీరు, కాలువలు, ఆనకట్టలు రాష్ట్ర జాబితాలో 17వ అంశం. అయితే ఆ వాక్యంలోనే ఒక షరతు ఉంది: కేంద్ర జాబితాలోని 56వ అంశానికి, అంటే అంతర్రాష్ట్ర నదుల నియంత్రణకు, లోబడి ఉండాలి. ఆ నదుల తగవు తీర్చడానికి 1956 నాటి చట్టం కింద ట్రైబ్యునళ్లు వస్తాయి. బచావత్ ట్రైబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు కేటాయించింది. రాష్ట్రం రెండయ్యాక ఆ నీళ్లను పంచుకోవడం కొత్త తగవైంది. పునర్విభజన చట్టం కృష్ణా, గోదావరి యాజమాన్య బోర్డులను పెట్టింది. వాటి పరిధిని ఖరారు చేస్తూ 2021 జులైలో కేంద్ర జలశక్తి శాఖ గెజిట్ ఇచ్చింది. ఏళ్ల తరబడి సొంత ఇంజినీర్లు నడిపిన ప్రాజెక్టులు బోర్డుకు అప్పగించడానికి రెండు రాష్ట్రాలకూ మనసొప్పలేదు. 2023 నవంబరు చివర, తెలంగాణ శాసనసభ ఎన్నికల పోలింగు వేళ, నాగార్జునసాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలిచారు. ఆఖరికి కేంద్ర బలగాలు వచ్చి డ్యాం దగ్గర కాపలా కాశాయి. రెండు రాష్ట్రాలు తమలో తాము తేల్చుకోలేని ప్రతి తగవూ కేంద్రాన్ని ఇంకో అడుగు లోపలికి రానిస్తుంది.

అదే నీరు సాగర్ కాలువలోకి దిగి, మేజరు దాటి, మైనరు కాలువ చివరి తూము దాకా వచ్చేసరికి దాని మీద మాట ఎవరిది? 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒక గొప్ప చట్టం చేసింది. నీటిపారుదల వ్యవస్థల నిర్వహణను రైతులకే అప్పగిస్తూ నీటి వినియోగదారుల సంఘాలు పెట్టింది. కాలువ కింది రైతులు ఓట్లేసి తమ సంఘాన్ని ఎన్నుకుంటారు, మరమ్మతులు వాళ్లే చూసుకుంటారు, నీటి వంతులు వాళ్లే వేసుకుంటారు. ఇతర రాష్ట్రాలు వచ్చి చూసి నేర్చుకున్న పద్ధతి ఇది. తర్వాత ఆ సంఘాలకు ఎన్నికలే సరిగా జరగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఏళ్ల విరామం తర్వాత 2024 డిసెంబరులో జరిగాయి. శ్రీశైలంలో తన వాటా కోసం బోర్డు ముందు గంటల తరబడి వాదించే ప్రభుత్వానికి, చివరి ఆయకట్టు రైతుకు తన తూము మీద ఉండాల్సిన హక్కు మాత్రం ఏళ్లపాటు గుర్తుకు రాలేదు.

ఇక డబ్బు సంగతి. జాబితాల్లో ఎన్ని అధికారాలున్నా ఖజానా తాళం ఎవరి దగ్గరుంటే మాట వాళ్లదే చెల్లుతుంది. ఆదాయపు పన్ను, కార్పొరేషన్ పన్ను, కస్టమ్స్ సుంకం వంటి బాగా పెరిగే పన్నులు కేంద్రానివి. బడి, ఆసుపత్రి, పోలీసు, సాగునీరు వంటి ఖర్చుతో కూడిన పనులు రాష్ట్రాలవి. ఈ ఎగుడుదిగుడును సరిచేయడానికే అయిదేళ్లకోసారి ఆర్థిక సంఘం వస్తుంది. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను 13వ సంఘం 32 శాతంగా ఉంచితే, 14వ సంఘం 42 శాతానికి పెంచింది. జమ్మూకశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతమయ్యాక 15వ సంఘం 41 శాతం చేసింది. చెప్పుకోవడానికి పెద్ద వాటానే. అయితే సెస్సులు, సర్‌ఛార్జీలు ఈ పంపకంలోకి రావు. వాటిని కేంద్రం పూర్తిగా తనే ఉంచుకుంటుంది, వాటి వాడకం పెరిగేకొద్దీ 41 శాతం అనేది కాగితం మీది అంకెగా మారుతుంది.

రాష్ట్రాల మధ్య పంపకంలో జనాభా, తలసరి ఆదాయంలో అంతరం వంటి కొలమానాలు ఉంటాయి. 15వ సంఘం సూత్రంలో ఆంధ్రప్రదేశ్ వాటా 4.305 నుంచి 4.047 శాతానికి, తెలంగాణ వాటా 2.437 నుంచి 2.102 శాతానికి తగ్గింది. కుటుంబ నియంత్రణను బాగా అమలు చేసి, ఆదాయం పెంచుకున్నందుకే తమకు కోత పడుతోందన్న దక్షిణాది రాష్ట్రాల బాధలో నిజముంది. పేద రాష్ట్రానికి ఎక్కువ ఇవ్వడం సమాఖ్య ధర్మమన్నదీ నిజమే. ఈ రెండింటి మధ్య సరైన కొలత దొరకలేదు.

2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాలు తమ సొంత పన్నుల అధికారంలో పెద్ద భాగాన్ని ఉమ్మడి మండలిలో పెట్టాయి. ఆ మండలిలో కేంద్రం ఓటు బరువు మూడింట ఒక వంతు, నిర్ణయానికి నాలుగింట మూడు వంతుల మద్దతు కావాలి. కాబట్టి కేంద్రం కాదంటే ఏదీ గట్టెక్కదు. మండలి సిఫార్సులు సలహాల వంటివే, కట్టడి చేసేవి కావని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, ఒక రాష్ట్రం ఒంటరిగా వేరే దారి పట్టడం ఆచరణలో కుదిరే పని కాదు. రాష్ట్రాల చేతిలో ఇంకా మిగిలిన పెద్ద పన్నులు పెట్రోలు, మద్యం, రిజిస్ట్రేషన్లు. ఏ పార్టీ గెలిచినా మద్యం ఆదాయాన్ని వదులుకోలేకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

మూడో అంచె దగ్గరికి వస్తే ఈ లెక్కలన్నీ చిన్నబోతాయి. పంచాయతీల ఆర్థిక పరిస్థితి మీద 2024 జనవరిలో రిజర్వు బ్యాంకు విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, వాటి మొత్తం ఆదాయంలో సొంత పన్నుల వాటా ఒక శాతం దగ్గరే ఉంది. మిగతాదంతా దాదాపు పైనుంచి వచ్చే గ్రాంటే, అందులోనూ ఎక్కువ భాగం కేంద్రానిది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు సిఫార్సు చేసింది. అందులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలి. మిగిలిన 40 శాతం మాత్రమే పంచాయతీ తన అవసరాన్ని బట్టి ఖర్చు పెట్టుకోవచ్చు. ఢిల్లీ నుంచి వచ్చిన డబ్బును రాష్ట్రం పది పనిదినాల్లో పంచాయతీలకు చేర్చాలి, ఆలస్యమైతే వడ్డీ కట్టాలి. ఇలాంటి నిబంధన పెట్టాల్సి వచ్చిందంటేనే రాష్ట్రాల దగ్గర ఆ డబ్బు ఎంతగా చిక్కుకుంటుందో ఊహించవచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో 2021-22లో జరిగింది ఈ నేపథ్యంలోనే చూడాలి. పంచాయతీలు విద్యుత్ సంస్థలకు బకాయి పడ్డాయంటూ ఆర్థిక సంఘం నిధులను ఆ బాకీలకు రాష్ట్ర ప్రభుత్వం సర్దుబాటు చేసింది. కొత్తగా గెలిచిన సర్పంచులు ఖాతా చూసుకుంటే సొమ్ము లేదు. అధికార పార్టీ మద్దతుతో గెలిచినవారు సైతం రోడ్డెక్కారు. వీధి దీపాలకు, నీళ్ల మోటార్లకు వాడిన కరెంటుకు బిల్లు కట్టాల్సిందే, అందులో అనుమానం లేదు. కానీ ఏ బాకీ ఎంత, ఏది ముందు కట్టాలి అన్నది పంచాయతీ తీర్మానం చేసి నిర్ణయించాల్సిన విషయం. కేంద్రం రాష్ట్రానికి రావాల్సిన పన్నుల వాటాలోంచి ఒక బాకీని అడగకుండా మినహాయించుకుంటే ఏ ముఖ్యమంత్రి అయినా దాన్ని సమాఖ్య వ్యవస్థ మీద దాడి అంటారు. అనాలి కూడా.

ఇంటి పన్ను రూపంలో ఊరి జనం కట్టిన డబ్బుకూ స్వేచ్ఛ తక్కువే. పంచాయతీ వసూలు చేసిన సొమ్ము ట్రెజరీకి చేరుతుంది. దాన్ని తీయాలంటే బిల్లు పెట్టాలి, ఆన్‌లైన్‌లో ఆమోదం రావాలి, ఆర్థిక శాఖ ఆంక్షలు పెట్టిన రోజుల్లో ఎదురుచూడాలి. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకమూ కావాల్సి వచ్చింది. అవినీతిని అరికట్టడానికే అన్నారు గానీ, ఇద్దరికీ పడని ఊళ్లలో పనులు ఆగాయి. అదే చట్టం సర్పంచ్‌ను సస్పెండ్ చేసే అధికారాన్ని కలెక్టర్‌కు ఇచ్చింది. జనం ఓట్లతో వచ్చిన వ్యక్తిని ఒక అధికారి పక్కన పెట్టగలగడం సర్పంచ్‌కు వర్తించినప్పుడు పాలనా సంస్కరణ అనిపించుకుంటోంది. 1984 ఆగస్టులో ముఖ్యమంత్రి ఎన్టీ రామారావును గవర్నర్ తొలగించినప్పుడు తెలుగు జనం నెలపాటు వీధుల్లో ఉండి ఆయన్ని మళ్లీ గద్దెనెక్కించారు. అక్కడ గెలిచిన సూత్రమూ ఇదే: ఎన్నికైనవారిని నియమితులు తొలగించకూడదు.

నిజానికి ఈ దారిలో తెలుగునాడు ఒకప్పుడు ముందుండేది. బల్వంతరాయ్ మెహతా కమిటీ 1957లో నివేదిక ఇచ్చాక, 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో పంచాయతీరాజ్ మొదలైంది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ సమితులు, జిల్లా పరిషత్తులు పెట్టింది. 1980లలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు వంటి వంశపారంపర్య పదవులను రద్దు చేసింది, సమితుల స్థానంలో మండలాలు తెచ్చింది. 1987లో మండల అధ్యక్షులను, జిల్లా పరిషత్ చైర్మన్లను జనం నేరుగా ఓటేసి ఎన్నుకున్నారు. కేంద్రం పెత్తనం మీద అంతగా గొంతెత్తిన ప్రభుత్వమే కింది అంచెకూ బలమివ్వడం అరుదైన సందర్భం. నేరుగా గెలిచిన జిల్లా పరిషత్ చైర్మన్ వెనుక జిల్లా మొత్తం ఓటర్లు ఉంటారు, అంతటి బలం ఏ ఎమ్మెల్యేకూ ఉండదు. 1994 చట్టం తర్వాత ఆ పదవులు పరోక్ష ఎన్నికల కిందికి వెళ్లాయి. ఎంపీటీసీలు, జడ్పీటీసీలు ఎన్నుకుంటారు కాబట్టి వాళ్లను రిసార్టులకు తరలించే క్యాంపు రాజకీయాలు అక్కడి నుంచి మామూలయ్యాయి.

1993లో అమల్లోకి వచ్చిన 73, 74వ సవరణలు ఈ అంచెకు రాజ్యాంగ హోదా ఇచ్చాయి. అయిదేళ్ల గడువు, గడువు ముగిసేలోగా ఎన్నిక, మహిళలకు కనీసం మూడో వంతు స్థానాలు, రాష్ట్ర ఎన్నికల సంఘం, రాష్ట్ర ఆర్థిక సంఘం తప్పనిసరి అయ్యాయి. తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మహిళల వాటాను సగానికి పెంచింది. ఇవన్నీ నిజమైన విజయాలు. దేశంలో 30 లక్షలకు పైగా ఎన్నికైన స్థానిక ప్రతినిధులున్నారంటే ఆ సవరణల వల్లే. కానీ అధికారాల దగ్గరికి వచ్చేసరికి రాజ్యాంగం గొంతు తగ్గించింది. 11వ షెడ్యూలులో వ్యవసాయం నుంచి ప్రాథమిక విద్య దాకా 29 అంశాలు, 12వ షెడ్యూలులో పట్టణాలకు 18 అంశాలు రాసి, వాటిని ఇవ్వాలా వద్దా అన్నది శాసనసభ ఇష్టానికి వదిలేసింది. 243జి అధికరణం ఇవ్వవచ్చు అంటుంది, ఇచ్చి తీరాలి అనదు. ఎన్నిక హక్కుగా దక్కింది, అధికారం దయగా మిగిలింది.

ఆ ఎన్నిక అనే హక్కు కూడా ఎంత పెళుసుదో ఈ రెండు రాష్ట్రాల ఇటీవలి చరిత్ర చెబుతుంది. 2020 మార్చిలో కరోనా కారణంగా ఆంధ్రప్రదేశ్ ఎన్నికల కమిషనర్ స్థానిక ఎన్నికలను వాయిదా వేశారు. ప్రభుత్వానికి నచ్చలేదు. ఏప్రిల్‌లో ఒక ఆర్డినెన్సుతో కమిషనర్ పదవీకాలాన్ని అయిదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించి, ఆయన్ని పదవి నుంచి తప్పించింది. మే 29న హైకోర్టు దాన్ని కొట్టేసింది. కమిషనర్ తిరిగి వచ్చి ఎన్నికలు పెడతానంటే ఈసారి ప్రభుత్వం ఇప్పుడు వద్దంది. సుప్రీంకోర్టు దాకా వెళ్లాక 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో పోలింగు జరిగింది. రాష్ట్ర ఎన్నికల సంఘాన్ని కేంద్ర ఎన్నికల సంఘంతో సమానంగా రాజ్యాంగం నిలబెట్టింది. దానికి సిబ్బంది, డబ్బు, సహకారం అన్నీ రాష్ట్ర ప్రభుత్వమే ఇవ్వాలి, కాబట్టి ప్రభుత్వం ముఖం చిట్లిస్తే ఆ సంఘం కోర్టు మెట్లెక్కడం తప్ప చేయగలిగింది తక్కువ.

తెలంగాణ కథ ఇంకో రకం. బీసీలకు స్థానిక సంస్థల్లో 42 శాతం స్థానాలు ఇస్తామన్న ప్రభుత్వం 2025 మార్చిలో శాసనసభలో బిల్లులు ఆమోదింపజేసింది. అవి గవర్నరు మీదుగా రాష్ట్రపతి దగ్గరికి వెళ్లి ఆగాయి. స్థానిక రిజర్వేషన్లన్నీ కలిపి 50 శాతం దాటరాదని సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. సెప్టెంబరులో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి ఎన్నికలకు వెళ్తే అక్టోబరు 9న హైకోర్టు ఆపింది. చివరికి పాత పరిమితికి లోబడే డిసెంబరులో మూడు విడతల్లో ఎన్నికలు జరిగాయి. ఈలోగా పాలకవర్గాలు లేవన్న కారణంతో కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లు నిలిచిపోయాయి. జనాభాలో సగానికి దగ్గరగా ఉన్న వర్గాలు తమ వాటా అడగడం పూర్తిగా సబబు. ఆ తగవు రాష్ట్రపతి భవన్‌కు, శాసనసభకు, హైకోర్టుకు మధ్య తిరిగింది, దాని ఖరీదు ఆ తగవులో ఎక్కడా మాట చెల్లని పంచాయతీ కట్టింది. పైగా గడువు 2024 జనవరి ఆఖరుకు ముగుస్తుందని అయిదేళ్ల ముందే అందరికీ తెలుసు.

నగరాల పరిస్థితి పల్లెలకంటే మెరుగేమీ కాదు. విశాఖపట్నం కార్పొరేషన్‌కు 2012 నుంచి 2021 దాకా ఎన్నికైన కౌన్సిల్ లేదు. హైదరాబాదులో కౌన్సిల్ ఉన్న రోజుల్లోనూ నగరం దాని చేతిలో లేదు. తాగునీరు, మురుగునీరు 1989 నుంచి రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయిన జలమండలి చూస్తుంది. 12వ షెడ్యూలు మొట్టమొదట రాసిన అంశం పట్టణ ప్రణాళిక, హైదరాబాదు మాస్టర్ ప్లాన్ మాత్రం రాష్ట్ర ప్రభుత్వం కింద ఉన్న మహానగర అభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏది. ట్రాఫిక్ పోలీసులది, బస్సులు ఆర్టీసీవి, చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు తొలగించడానికి 2024లో వచ్చిన హైడ్రా కూడా రాష్ట్ర ప్రభుత్వం కిందే పనిచేస్తుంది. కార్పొరేషన్ కమిషనర్‌ను ప్రభుత్వం నియమిస్తుంది, ఆయన జవాబుదారీ ప్రభుత్వానికే. నీళ్లు రాకపోతే, రోడ్డు మునిగితే జనం కార్పొరేటర్‌ను నిలదీస్తారు, ఆ మనిషి దగ్గర సమాధానం ఉండదు.

పంచాయతీని దాటవేసే మరో పద్ధతి సమాంతర వ్యవస్థలు పెట్టడం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకంలో, చట్టం ప్రకారం, కనీసం సగం పనులను గ్రామ పంచాయతీ ద్వారానే చేయించాల్సి ఉండేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని ఫీల్డ్ అసిస్టెంట్లు, గ్రామీణాభివృద్ధి శాఖ యంత్రాంగంతో నడిపింది. కూలి డబ్బు సమర్థంగానే చేరింది, సామాజిక తనిఖీలో రాష్ట్రం దేశానికే మార్గం చూపింది. ఊరి పాలకవర్గం మాత్రం ప్రేక్షకురాలైంది. ఆ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు తెచ్చిన కొత్త చట్టం చాలా రాష్ట్రాల మీద ఖర్చులో 40 శాతం మోపింది. అంతకుముందు కూలి ఖర్చు మొత్తం కేంద్రానిదే. దీని మీద రాష్ట్రాలు చేస్తున్న అభ్యంతరం సహేతుకం. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన గ్రామ సచివాలయాలు కూడా ఇలాంటి సమాంతర వ్యవస్థే. ఊరికి ఒకేసారి అంతమంది ఉద్యోగులు రావడం మంచి మార్పు. అయితే వాళ్లు తమ తమ శాఖలకు జవాబు చెప్పుకున్నారు, పక్క గదిలో సర్పంచ్‌కు వాళ్ల మీద అదుపు లేదు.

ఇన్ని ప్రభుత్వాలు, ఇన్ని పార్టీలు మారినా తీరు మారకపోవడానికి కారణం ఎమ్మెల్యే పదవిలో ఉంది. ఊరికి సిమెంటు రోడ్డు, ఇంటి స్థలం, పింఛను, కాంట్రాక్టు అన్నీ ఎమ్మెల్యే ద్వారా రావాలన్నది నేటి రాజకీయం నడిచే తీరు. ఆ పనులు చేసే అధికారం, డబ్బు సర్పంచ్‌కూ మండలాధ్యక్షుడికీ వెళ్తే ఎమ్మెల్యే చేతిలో శాసనసభలో చట్టాలు చేసే పని ఒక్కటే మిగులుతుంది. స్థానిక సంస్థలకు అధికారాలు ఇస్తూ ఓటేయాల్సింది ఆ ఎమ్మెల్యేలే. ఎవరూ తమ కుర్చీ కింద నేల తామే తవ్వుకోరు.

పంచాయతీకి అధికారమిస్తే ఊరి పెద్దకులాలు మింగేస్తాయన్న భయం తీసిపారేయదగ్గది కాదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామాన్ని సంకుచితత్వానికి, అజ్ఞానానికి, మతతత్వానికి నెలవుగా వర్ణించారు. ఆయన అనుభవం అబద్ధం కాదు. సర్పంచ్ పదవిని వేలం పాడుకున్న ఊళ్ల వార్తలు ప్రతి ఎన్నికకూ వస్తూనే ఉన్నాయి. గెలిచిన భార్య పేరుతో భర్త పెత్తనం చేయడం ఇంకా పోలేదు. అయితే ఈ రోగాలు ఊరికే పరిమితమైనవా? శాసనసభ టిక్కెట్లలో కులం, డబ్బు పాత్ర తక్కువేమీ లేదు, అయినా శాసనసభ అధికారాలు తగ్గించమని ఎవరూ అడగరు. పైగా దళిత మహిళ సర్పంచ్‌గా గెలిచిన ఊళ్లో ఆ కుర్చీకి నిజమైన అధికారం లేకపోతే నష్టపోయేది ఆమే, పాత పెద్దలకు పలుకుబడి ఎలాగూ ఉంటుంది. ఎన్నికలు లేకుండా ఏకగ్రీవం చేసుకుంటే నగదు బహుమతులిస్తామని ప్రభుత్వాలే ప్రకటించడం ఆ పెద్దల పనిని ఇంకా తేలిక చేస్తోంది.

గ్రామసభకు అసలైన అధికారమిస్తే ఏమవుతుందో చూపిన సందర్భాలున్నాయి. 1996లో వచ్చిన పెసా చట్టం ఏజెన్సీ ప్రాంతాల గ్రామసభలకు భూమి, చిన్నతరహా ఖనిజాలు, అటవీ ఫలసాయం మీద మాట ఇచ్చింది. మరుసటి ఏడాది, విశాఖ ఏజెన్సీలోని బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద వచ్చిన సమత కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు భూమి లీజుకు ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. 2013లో ఒడిశాలోని నియమగిరిలో 12 గ్రామసభలు ఒక్కొక్కటిగా కూర్చుని బాక్సైటు తవ్వకాన్ని తిరస్కరించాయి. అంత పెద్ద కంపెనీ, అంత పెద్ద ప్రభుత్వం ఆ మాట ముందు ఆగాయి.

కేరళ మరో దారి పట్టింది. 1996లో మొదలుపెట్టిన ప్రజా ప్రణాళికలో రాష్ట్ర ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు కేటాయించింది. ఏ పంచాయతీకి ఎంత వస్తుందో బడ్జెట్ పత్రాల్లోనే పేరుపేరునా అచ్చవుతుంది. అది అచ్చయ్యాక కోత పెట్టాలంటే శాసనసభలో జవాబు చెప్పాలి. ఆసుపత్రులు, బడులు, వాటి సిబ్బంది పర్యవేక్షణ కింది సంస్థలకు వెళ్లాయి. అక్కడా ప్రభుత్వాలు మారుతూ వచ్చాయి, కానీ ఎవరూ దాన్ని వెనక్కి తీసుకునే సాహసం చేయలేదు.

తెలుగు రాష్ట్రాలు ఈ పని చేయడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. పంచాయతీ సొంత పన్నుల సొమ్మును ట్రెజరీ ఆంక్షల నుంచి తప్పించడం ఒక ఉత్తర్వుతో అయ్యే పని. సచివాలయ సిబ్బందిని పంచాయతీ అజమాయిషీలోకి తేవడం, సర్పంచ్‌ను తొలగించే అధికారాన్ని కలెక్టర్ నుంచి తీసి స్వతంత్ర న్యాయ వ్యవస్థకు ఇవ్వడం శాసనసభ చేసుకోగల సవరణలు. రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని అయిదేళ్లకోసారి వేసి, దాని నివేదికను సభ ముందు పెట్టడం 243ఐ అధికరణం ఇప్పటికే విధించిన బాధ్యత. 2024 మార్చి లోపు ఆ పని చేయని రాష్ట్రాలకు గ్రాంట్లు ఆపాలని 15వ ఆర్థిక సంఘం చెప్పాల్సి వచ్చింది. కేంద్ర ఆర్థిక సంఘం సూత్రంలో అర శాతం తేడా కోసం నిపుణుల బృందాలను పంపే రాష్ట్రాలు, తమ సొంత ఆర్థిక సంఘం నివేదికల మీదా అంతే శ్రద్ధ పెట్టగలవు.

రిజర్వేషన్ల లెక్క కూడా అలాంటిదే. 2025 డిసెంబరులో గెలిచిన తెలంగాణ సర్పంచుల గడువు 2030 చివర్లో తీరుతుంది. బీసీ జనాభా, వెనుకబాటు వివరాలను ప్రత్యేక కమిషన్ ద్వారా సేకరించి, కోర్టు పరీక్షకు నిలిచేలా ముందే ఖరారు చేయడానికి అప్పటిదాకా సమయముంది. ఆ పని 2029 లోపు పూర్తయితే తర్వాతి ఎన్నికలు గడువులోపే జరుగుతాయి.